సొంత ఇంటికే కన్నం వేసినవాళ్ళు

మా ఇంట్లో దాన్ని కేబినెట్ అని ఎవరూ అనలేదు. సీపీయూ అనేవాళ్ళం. మీ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది. "సీపీయూ అంటే ఆ పెట్టె కాదురా, దాని లోపలుండే బిస్కెట్టంత ముక్క" అని ఇంజనీరింగ్ లో చేరాక ఎవరో చెప్తే గానీ నాకు తెలీలేదు. తెలిశాక కూడా ఇంటికెళ్తే సీపీయూ అనే అంటాను, లేకపోతే అమ్మకి అర్థం కాదు.

2007 లో నాన్న విజయవాడలో అసెంబుల్ చేయించి తెచ్చిన ఆ సీపీయూ కి ఉన్న మర్యాద మా ఇంట్లో ఇంకే వస్తువుకీ లేదు. దానికో గుడ్డ తొడుగు. దసరాకి పసుపు, కుంకుమ బొట్లు. మూత విప్పడం మాత్రం మహాపాపం. అయితే రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, రోళ్ళే పగిలే ఎండలో ప్రాసెసర్ ఒక లెక్కా! మే నెల రాగానే మధ్యాహ్నం పూట దానంతట అదే ఆగిపోయేది. రిపేరు చేసే అతను వచ్చాడు. పక్క రేకు విప్పి గోడకి ఆనించాడు. "మూత పెట్టకండి సార్, టేబుల్ ఫ్యాను ఇటు తిప్పండి" అని రెండొందలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రేకు మళ్ళీ బిగించిన గుర్తు నాకు లేదు. ఆ వేసవంతా టేబుల్ ఫ్యాను సీపీయూ కి, విసనకర్ర మాకు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న వేసవిలో సెలవు పెట్టి ఇంటికెళ్ళినప్పుడు అదే పాత కేబినెట్ కి నా చేతులతో నేనే కన్నం పెట్టాను. ఆ ముచ్చట చివర్లో చెప్తా. ఆ పనికి దిగే ముందు, నాకంటే ముందు దిగినవాళ్ళ చరిత్ర కాస్త చదివాను. కంప్యూటర్ పెట్టెని రంపం, డ్రిల్లు, ఆకురాయి పట్టుకుని కోసి మార్చుకోవడాన్ని కేస్ మాడింగ్ అంటారు. ఈ మాట వినగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది పెళ్ళిపందిరిలా మెరిసిపోయే గేమింగ్ పీసీలు. నా మటుకు నాకు అది సగం కథ, అదీ రెండో సగం. మొదటి సగంలో లైట్లు లేవు, వేడి ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే అసలు పెట్టే లేదు.

అవును, పెట్టె లేదు. 1976 లో స్టీవ్ వోజ్నియాక్ చేసిన యాపిల్-1 ధర 666.66 డాలర్లు. అంత డబ్బు పోస్తే వచ్చేది చిప్పులు బిగించిన ఒక బోర్డు మాత్రమే. కీబోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, తెర, పెట్టె, అన్నీ కొన్నవాడే చూసుకోవాలి. మొత్తం తయారైనవి సుమారు 200. కొన్నవాళ్ళలో కొందరు దానికి చెక్కతో పెట్టె కట్టుకున్నారు. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న యాపిల్-1 కూడా చెక్క పెట్టెలోనే ఉంది.

ఇది అమెరికా వాళ్ళకి వింతేమో గానీ మా బెజవాడ వాళ్ళకి కాదు. ఒకప్పుడు లారీలు అలాగే అమ్మేవాళ్ళు. ఇంజను, చక్రాలు, చాసిస్ వరకే కంపెనీది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కేబిన్ కూడా లేని ఉత్త చాసిస్ మీద కూర్చుని హైవే మీద వెళ్ళే డ్రైవర్లని చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆ చాసిస్ ఆటోనగర్ కి వచ్చేది. అక్కడి షెడ్లలో చెక్క, రేకు, రివెట్లు, రంగులతో దానికి బాడీ కట్టేవాళ్ళు. మా మావయ్య (అమ్మ తమ్ముడు) ఆ షెడ్లలోనే ముప్ఫై ఏళ్ళు రేకు పని చేశాడు. కంపెనీ ఇచ్చేది సగం, మిగతా సగం యజమాని ఇష్టం, పనివాడి చెయ్యి. యాపిల్-1 కథ కూడా సరిగ్గా ఇదే.

ఆ తర్వాత పెట్టె కంపెనీ చేతిలోకి వెళ్ళింది. 1977 లో వచ్చిన యాపిల్-2 కి జెర్రీ మానాక్ ప్లాస్టిక్ పెట్టె డిజైన్ చేశాడు. అయినా దాని మూత చేత్తో లాగితే ఊడి వచ్చేది, లోపల 8 స్లాట్లు ఉండేవి. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ ది రేకు పెట్టె, వెనక స్క్రూలు విప్పితే తెరుచుకునేది. సర్క్యూట్ బొమ్మలతో సహా టెక్నికల్ మాన్యువల్ కూడా ఐబీఎం అమ్మింది. 1984 లో వచ్చిన మెకింటాష్ మాత్రం తలుపు మూసేసింది. స్లాట్లు లేవు. స్క్రూలు మామూలువి కాదు, నక్షత్రం ఆకారం టార్క్స్ స్క్రూలు, వాటిలో కొన్ని లోతైన గుంటల్లో. వాటికి పొడుగాటి ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ కావాలి. తమాషా ఏంటంటే, దాన్ని తయారుచేసిన టీమ్ సంతకాలు పెట్టె లోపలి గోడ మీద అచ్చుపోసి ఉంటాయి. కొన్నవాడు చూడకూడని చోట చేసినవాళ్ళ సంతకాలు!

మన ఇళ్ళకి వచ్చింది ఐబీఎం దారిలో వచ్చిన పెట్టె. 1995 లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే ప్రమాణం ప్రకటించింది. మదర్‌బోర్డు స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలి, వెనక పోర్టుల కిటికీ ఎంత ఉండాలి, ఇలాంటి కొలతలన్నీ అందులో ఉన్నాయి. చూడ్డానికి బోరు కొట్టే డాక్యుమెంటే. కానీ ఈ చరిత్రలో అతి ముఖ్యమైన కాగితం అదే అంటాను. పెట్టె ఒకడు, బోర్డు ఇంకొకడు, పవర్ సప్లై మరొకడు చేసినా అన్నీ ఒకదాంట్లో ఒకటి పట్టేస్తాయి. సికింద్రాబాద్ లో చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల "అసెంబుల్డ్ పీసీ" అనే మాట పుట్టి బతికిందంటే ఇలాంటి కొలతల పుణ్యమే. మాడింగ్ కి కూడా అదే పునాది. పెట్టె మారినా లోపలివి మారవు అన్న భరోసా ఉంటేనే కదా ఎవడైనా రంపం పట్టుకునేది!

సరే, అసలు విషయానికొద్దాం. వేడి.

486 ల కాలంలో చాలా ప్రాసెసర్లకి ఫ్యానే లేదు. 1993 లో వచ్చిన మొదటి పెంటియం (60 మెగాహెర్ట్జ్) సుమారు 15 వాట్లు తినేది. 2001 లో వచ్చిన ఏఎండీ ఆథ్లాన్ 1.4 గిగాహెర్ట్జ్ 72 వాట్లు. 2004 లో ప్రెస్కాట్ రకం పెంటియం-4 లో పెద్దవి 100 వాట్లు దాటేశాయి. అంటే పదకొండేళ్ళలో ఆరేడు రెట్లు. ఈ వాట్లన్నీ చివరికి వేడిగానే బయటికి రావాలి. పెట్టెలు మాత్రం 15 వాట్ల కాలం నాటి ఆలోచనతోనే వస్తున్నాయి. వెనక ఒక 80 మిల్లీమీటర్ల ఫ్యానుకి చోటు, దాని ముందు రేకులోనే గుద్దిన చిన్న చిన్న చిల్లులు. చిల్లుల కంటే రేకే ఎక్కువ. గాలి ఎలా వెళ్తుంది?

దీనికి తోడు ఓవర్‌క్లాకింగ్. 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. తక్కువ ధర ప్రాసెసర్. కానీ దాని 128 కేబీ క్యాష్ ప్రాసెసర్ తో సమానమైన వేగంతో పరుగెత్తేది. 66 మెగాహెర్ట్జ్ బస్సుని 100 కి మారిస్తే, 4.5 తో గుణించి 300 కాస్తా 450 అయ్యేది. తైవాన్ ఏబిట్ కంపెనీ బీహెచ్6 బోర్డులో ఈ మార్పు చెయ్యడానికి జంపర్లు కూడా పీకక్కర్లేదు, బయోస్ లో నాలుగు మీటలు నొక్కితే చాలు. చవక ప్రాసెసర్ కొని ఖరీదైనదానితో సమానంగా పరుగెత్తించొచ్చు. ఎవడు ఊరుకుంటాడు? కానీ ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. కాస్త స్థిరంగా ఉండాలని వోల్టేజీ పెంచితే వేడి తన్నుకొచ్చేది. కుర్రాళ్ళు సాఫ్ట్‌వేర్ తో చెయ్యగలిగింది అయిపోయింది. ఇక మిగిలింది రేకు.

అలా మొదలైంది కన్నాల యుగం. మొదటి కన్నం వెనక ఫ్యాను ముందున్న చిల్లుల రేకుని మొత్తం కత్తిరించి పారేసి, దాని బదులు తీగ గ్రిల్ పెట్టడం. రెండోది ముందు వైపు కింద, చల్లగాలి లోపలికి రావడానికి. మూడోది పైకప్పులో. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి దానికి పైనుంచే దారి. దీన్ని వాళ్ళు బ్లోహోల్ అన్నారు, తిమింగలం నెత్తి మీద ఊపిరి రంధ్రం పేరు. మన పాత వంటిళ్ళలో పొయ్యి మీద కప్పులో పొగ గూడు ఉండేది చూశారా, అదే ఇది.

పనిముట్లు పెద్దవేం కాదు. 80 మి.మీ. ఫ్యానుకి 3 అంగుళాల హోల్ సా, 120 మి.మీ. ఫ్యానుకి నాలుగున్నర అంగుళాలది. (డ్రిల్లుకి బిగించే గుండ్రటి రంపం అన్నమాట.) స్క్రూ రంధ్రాల మధ్య దూరం 80 మి.మీ. ఫ్యానుకి 71.5 మి.మీ., 120 మి.మీ. ఫ్యానుకి 105. హోల్ సా లేనివాళ్ళు గీత వెంబడి వరసగా చిన్న చిల్లులు వేసి, మధ్య మధ్య కోసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసేవాళ్ళు. నిబ్లర్ అని ఇంకోటి ఉంది, చేత్తో నొక్కుతుంటే గొంగళిపురుగు ఆకుని కొరికినట్టు రేకుని కొంచెం కొంచెం కొరుకుతుంది. కాస్త డబ్బున్నవాళ్ళు డ్రెమెల్ అనే చేతి యంత్రం కొనేవాళ్ళు. రేకు మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ. కొయ్యడం కష్టం కాదు. కష్టమల్లా ఇనప రజనుతో. బోర్డు లోపలుండగా కోస్తే, కంటికి కనపడని ఒక్క రజను ముక్క రెండు కాళ్ళ మధ్య పడి మొత్తం షార్టు అవుతుంది. అందుకే "ముందు అన్నీ బయటికి తీసెయ్" అన్నది ఈ విద్యలో ఓనమాలు.

కన్నాలు పెరిగాయి, ఫ్యాన్లు పెరిగాయి, చప్పుడు పెరిగింది. దానికో చిట్కా కనిపెట్టారు. పవర్ సప్లై తీగల్లో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు సున్నా. ఫ్యానుని పసుపుకీ నలుపుకీ కాకుండా పసుపుకీ ఎరుపుకీ మధ్య కలిపితే దానికి అందేది 7 వోల్టులు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. పైసా ఖర్చు లేదు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. పదో తరగతి ఫిజిక్స్ అంతే కదా, మరి నాకెందుకు తట్టలేదు!

ఇక అందం సంగతి. 1998 ఆగస్టులోనే యాపిల్ ఐమాక్ అమ్మకానికొచ్చింది, లోపలి భాగాలు మసగ్గా కనపడే నీలి ప్లాస్టిక్ తో. కంప్యూటర్ లోపలి భాగాలు చూపించుకోవచ్చు, దాచుకోవక్కర్లేదు అన్న ఊహ జనంలోకి వెళ్ళింది. పక్క రేకులో కిటికీ కోసి యాక్రిలిక్ షీటు అతికించడం మొదలైంది. టెక్సాస్ లో క్వేక్‌కాన్, స్వీడన్ లో డ్రీమ్‌హ్యాక్ లాంటి చోట్లకి వేలమంది తమ పెట్టెలు మోసుకొచ్చి పక్కపక్కన పెట్టుకుని ఆడుకునేవాళ్ళు. ఇంట్లో టేబుల్ కింద ఉన్నన్నాళ్ళూ పెట్టె ఎలా ఉంటేనేం? నలుగురిలోకి వెళ్తే మాత్రం మంచి చొక్కా కావాలి. స్కానర్లలో, ఎల్‌సీడీ తెరల వెనక వాడే కోల్డ్ కేథోడ్ గొట్టాలు తెచ్చి లోపల బిగించారు. 1993 లో జపాన్ నిచియా కంపెనీలో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ చేసి చూపించాడు. దాని ధర దిగుతూ వచ్చేసరికి ఆకుపచ్చ పవర్ లైటు పీకి నీలిది పెట్టుకోవడం ఒక మోజైపోయింది. ఆ నీలిరంగుకి 2014 లో అతనికీ, అకసాకి, అమానోలకీ కలిపి నోబెల్ ఇచ్చారు. నీలం లేకపోతే ఇవాళ్టి ఆర్‌జీబీ లో బీ లేదు.

ఇందులో అన్నీ గొప్పలే అని నేననను. రేకు పెట్టె ఊరికే పెట్టలేదు. లోపలి రేడియో తరంగాలు బయటికొచ్చి పక్కింటి రేడియో, టీవీలని చెడగొట్టకుండా అది అడ్డుగోడ కూడా. 1979 నుంచీ అమెరికాలో కంప్యూటర్లకి దీని మీద నిబంధనలున్నాయి. దానికి పెద్ద కిటికీ కోస్తే ఆ గోడ కూలినట్టే. కోల్డ్ కేథోడ్ గొట్టాలకి వందల వోల్టులు కావాలి. చేతులు కోసుకున్నవాళ్ళకి, బోర్డులు కాల్చుకున్నవాళ్ళకి లెక్కలేదు. పైగా ఇదంతా అప్పట్లో డబ్బూ తీరికా ఉన్న కుర్రాళ్ళ సరదా. మా నాన్న ఈఎంఐ కట్టే సీపీయూ కి నేను డ్రిల్లు పెట్టి ఉంటే ఇవాళ ఈ టపా రాయడానికి మిగిలేవాణ్ణి కాదు :-)

మరి తర్వాతేమైంది? కంపెనీలు చూశాయి, నేర్చుకున్నాయి, అచ్చులో పోశాయి. 2006 లో వచ్చిన ఆంటెక్ నైన్ హండ్రెడ్ చూడండి. పైకప్పులో 200 మి.మీ. ఫ్యాను, ముందు 120 మి.మీ. ఫ్యాన్లు, పక్కన కిటికీ. కుర్రాళ్ళు వేసిన కన్నాలన్నీ ఫ్యాక్టరీ నుంచే వచ్చేశాయి. కొనేవాడికి మంచిదే. ఆ తర్వాత 2016 ప్రాంతం నుంచి గాజు పలకలు, ఆర్‌జీబీ. పెట్టె ముందు భాగం కూడా గాజుతో మూసేశారు. గాలి ఆడలేదు. 2022 లో వచ్చిన ఒక గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌టీఎక్స్ 4090, ఒక్కటే 450 వాట్లు. అంటే ముప్ఫై పాత పెంటియంలు ఒకేచోట. దాంతో మళ్ళీ ముందు వైపు జాలీ పెట్టిన పెట్టెలు వచ్చాయి. ఇరవై ఏళ్ళ కిందట హోల్ సా పట్టుకున్న కుర్రాడికి తెలిసిన సంగతే, మళ్ళీ కొత్తగా.

నా బాధ లైట్ల మీద కాదు. ఎవరి సరదా వాళ్ళది. కన్నం కొనుక్కోవడానికీ కన్నం వేసుకోవడానికీ ఉన్న తేడా మీద. వేసుకోవాలంటే వేడి ఎక్కడ పుడుతోంది, గాలి ఎటు పోతోంది అని ముందు అడగాలి. కొనుక్కుంటే ఏ రంగు అని అడిగితే సరిపోతుంది. రోజూ లాప్‌టాప్ మీద పనిచేసే నేను దాని అడుగు రేకు ఎప్పుడూ విప్పలేదు. విప్పితే వారంటీ పోతుందన్న భయం. నిజానికి "విప్పితే వారంటీ ఉండదు" అనే స్టిక్కర్ల మీద 2018 లో అమెరికా ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలని హెచ్చరించింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 లో రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. హక్కు కాగితం మీదకొస్తోంది, మంచిదే. కానీ హక్కు వచ్చేసరికి చెయ్యి రావాలి కదా. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వర్క్‌షాపులో ఫిట్టింగ్ అని ఉంటుంది, ఇనప పలకని ఆకురాయితో చతురస్రం చెయ్యాలి. మాలో సగం మంది సీనియర్లు వదిలేసిన పలకలకి నూనె రాసి చూపించి మార్కులు వేయించుకున్నాం. నేను ఆ సగంలోనే ఉన్నాను.

ఇక నా కన్నం సంగతి. ఆ 2007 కేబినెట్ పసుపెక్కిపోయింది గానీ రేకు గట్టిది. కొత్త బోర్డు తెచ్చి పెడితే స్క్రూలన్నీ టక్కున పట్టేశాయి. 1995 నాటి కొలతలకి మనసులోనే దండం పెట్టుకున్నా. గ్రాఫిక్స్ కార్డు మాత్రం గేమ్ పెట్టిన పావుగంటలో 84 డిగ్రీలు చేరింది. పైన 120 మి.మీ. కన్నం కావాలి. మావయ్యని అడిగాను.

"దేనికల్లుడూ, కొత్త డబ్బా కొనుక్కోలేవా? జీతమొస్తుందిగా."

"కొనొచ్చు మావయ్యా. కానీ ఇది నేను కొయ్యాలి."

ఆయన ఇంకేం అడగలేదు. మాస్కింగ్ టేపు అంటించమన్నాడు, గీత కనపడటానికి, డ్రిల్లు జారకుండా. రేకు వంగకుండా కింద చెక్క దిమ్మ పెట్టాడు. మెల్లగా తిప్పమని, మధ్యలో చుక్క నూనె వెయ్యమని చెప్పాడు. కోసింది మాత్రం నేనే. పైనుంచి కొలిచి కేంద్రం పెట్టాను, లోపల మడత అంచు ఉందన్న సంగతి మర్చిపోయాను. మూడు మిల్లీమీటర్లు పక్కకి పోయింది. ఫ్యాను స్క్రూ రంధ్రాలు ఆకురాయితో కోడిగుడ్డు ఆకారానికి సాగదీస్తే గానీ కుదరలేదు. పైనుంచి చూస్తే ఇప్పటికీ ఫ్యాను కాస్త ఒక పక్కకి ఒరిగినట్టే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం 76 దగ్గర ఆగింది. ఎనిమిది డిగ్రీలు. వాటి కోసం ఒక సాయంత్రం, రెండు బొబ్బలు.

అయిపోయిందనుకుని చేతులు కడుక్కోబోతుంటే మావయ్య పిలిచాడు. కళ్ళు మూసుకుని కన్నం అంచు చుట్టూ వేలితో తడుముతున్నాడు. సగం దాకా వచ్చి ఆగాడు.

"కొయ్యడం ఎవడైనా కోస్తాడు అల్లుడూ. ఇక్కడ ఇంకా గీసుకుంటోంది, చూడు."

తడిమి చూశాను. నిజమే. ఆకురాయి నా చేతిలో పెట్టి ఆయన టీ తాగడానికి వెళ్ళిపోయాడు.